వరుస తప్పని వాంగ్మూలం

“వాడు ఒప్పుకున్నాడు. ఇంకా ఏం కావాలి నీకు?” అన్నాడు ఆర్యన్.

కౌంటీ పోలీసు డిటెక్టివ్ ఆర్యన్ అమెరికాలోని ఎడిసన్‌లో పుట్టి పెరిగినవాడు. అతని తెలుగులో ‘మీరు’ లేదు. ముసలమ్మనైనా ‘నువ్వు’ అనే అంటాడు. నరసింహకి దాని మీద కోపం లేదు. భాష రాకపోవడం నేరం కాదు. ‘ఒప్పుకున్నాడు’ అన్న మాట దగ్గరే ఒళ్ళు మండింది.

“ఈ బెడ్‌రూమ్ గుమ్మం కావాలి. పక్కకి జరుగు,” అన్నాడు నరసింహ.

ప్లెయిన్స్‌బరోలో ఆ రెండో అంతస్తు అపార్ట్‌మెంట్ గీతాంజలిది. అందరికీ ఆంటీ. పొద్దున్నే సాఫ్ట్‌వేర్ దంపతులు వరసగా వచ్చి, పాలసీసాలూ డైపర్లూ పప్పన్నం డబ్బాలూ అప్పగించి, పసివాళ్ళని ఆమె చేతుల్లో పెట్టి ఆఫీసులకి పరిగెత్తుతారు. ఇరవై ఏళ్ళ పైనుంచీ ఇదే వరస. బోర్డు లేదు, లైసెన్సు లేదు. ఒకరు చెబితే ఇంకొకరు వస్తారు. “మన తెలుగావిడే” అంటే చాలు, అమెరికాలో మనవాళ్ళు ఇంకేమీ అడగరు.

బుధవారం మధ్యాహ్నం ఆ ఇంట్లోనే నీహారిక అనే ఆరు నెలల పాప తలకి దెబ్బ తగిలింది. పుర్రె లోపల రక్తం. శుక్రవారానికి కూడా కళ్ళు తెరవలేదు. ఆ సమయంలో ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళు ఇద్దరే. ఒకరు గీతాంజలి. రెండోవాడు వేదాంత్, పంతొమ్మిదేళ్ళవాడు. తల్లీతండ్రీ ఆఫీసుకి వెళ్ళినప్పుడల్లా వాణ్ణి ఇక్కడ దింపుతారు. “ఆంటీకి హెల్ప్ చేస్తాడు” అని చెప్పుకుంటారు. పాప తన చేతుల్లోంచే జారిందని ఆ రాత్రే వేదాంత్ పోలీసుల ముందు చెప్పేశాడు. ఇవాళ వారెంట్ వస్తుంది. వాణ్ణి కాపాడమని వాడి తండ్రి ఫణి ప్రైవేటు డిటెక్టివ్ నరసింహని పెట్టుకున్నాడు.

నరసింహ గుమ్మానికి అటూ ఇటూ చేత్తో తడిమాడు. తెల్లరంగు చెక్క. తల కంటే కాస్త ఎత్తున, రెండువైపులా ఎదురెదురుగా గుండ్రటి నొక్కులు, సీసా మూతంత. ఎడమది చక్కగా గుండ్రంగా ఉంది. కుడిది అలా లేదు. అక్కణ్ణుంచి జానెడు కిందికి రంగు గీరుకుపోయి, లోపలి చెక్క బయటపడింది.

“పుల్-అప్ బార్,” అన్నాడు ఆర్యన్. “నేను చూశాను. ఆమె కొడుకు వర్కౌట్ చేస్తాడు.”

“ఎవరు చెప్పారు?”

“ఆమె.”

నరసింహ సోఫాలో కూర్చున్న గీతాంజలి వైపు తిరిగాడు. యాభై అయిదు దాటిన మనిషి. చేతిలో ఫోను తిప్పుతోంది. “మీ అబ్బాయి ఎక్కడుంటాడమ్మా?”

“ఆస్టిన్‌లో.”

“మరి వర్కౌట్ ఇక్కడెలా చేస్తాడు?”

“సెలవులకి వచ్చినప్పుడు చేస్తాడండీ! ఏమిటీ ప్రశ్నలు? పాప అక్కడ చావుబతుకుల్లో ఉంటే గుమ్మానికి పడ్డ గీతలు లెక్కపెడతారా?”

“ఆ బార్ ఏది?”

“పారేశాను. పాతదైపోయింది.”

“ఎప్పుడు?”

ఆమె మళ్ళీ ఫోను తిప్పసాగింది. నరసింహ తిన్నగా బాత్‌రూమ్‌లోకి నడిచాడు. స్నానాల తొట్టి పైన కర్టెన్ రాడ్డు మీద ఒకే ఒక్క చీర ఆరేసి ఉంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ నేతచీర. దాన్ని పట్టుకుని హాల్లోకి వచ్చాడు.

“ఇది మీరు కడతారా?”

“పూజకి కడతాను.”

“పూజకి కట్టే చీరకి రెండు కొసల్లోనూ ముడి పడ్డ ముడతలేమిటి? ఉతికినా పోలేదు చూడండి. మధ్యలో సంచిలా ఎలా సాగిందో చూడండి!”

గీతాంజలి కళ్ళు దించుకుంది. ఆర్యన్‌కి ఏమీ అర్థం కాలేదు. “వాట్ ఈజ్ దట్?”

“ఉయ్యాల,” అన్నాడు నరసింహ. “నిన్ను కూడా మీ అమ్మమ్మ వేసే ఉంటుంది. అడుగు. మన ఊళ్ళలో దూలానికి కడతారు. ఇక్కడ అట్టముక్కల ఇళ్ళలో దూలమేది? అందుకని మనవాళ్ళు ఒక తెలివి కనిపెట్టారు. గుమ్మం మధ్య వ్యాయామం బార్ బిగించి, దానికి చీర కట్టి, పిల్లని అందులో వేసి ఊపుతారు. మేకు లేదు, స్క్రూ లేదు. రెండు రబ్బరు బిళ్ళలు చెక్కని నొక్కి పట్టుకోవాలి, అంతే. ఊపిన కొద్దీ ఆ పట్టు వెంట్రుకవాసి సడలుతుంది. బుధవారం కుడివైపు జారింది. పిల్ల తలకిందులుగా నేల మీద పడింది. అవునా అమ్మా?”

“నాకేం తెలీదు. నేను బాత్‌రూమ్‌లో ఉన్నాను. వాడే చెప్పాడుగా!” గీతాంజలి గొంతు కీచుమంది. “పోలీసులకి వాడే చెప్పాడు. నేను చెప్పించానా?”

“చెప్పించారని నేను అనలేదే!”

ఆమె ఫోను ఒళ్ళో బోర్లా పెట్టుకుంది.

ఆర్యన్ నరసింహ మోచెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాడు. “లిజన్ అంకుల్. డోర్‌కి గీత ఉంది, చీర తడిగా ఉంది, ఇది జ్యూరీకి చెప్తావా? ఆ బార్ ఏ రోజు ఫాల్ అయిందో నీకు తెలీదు. డాక్టర్ చెప్పింది ఒకటే, నడుము ఎత్తు నుంచి పడింది అని. ఉయ్యాల అయినా అంతే, వాడి చేతులు అయినా అంతే. నా దగ్గర వీడియో ఉంది. ఎవరూ కొట్టలేదు, అరవలేదు. నేను త్రీ టైమ్స్ అడిగాను. త్రీ టైమ్స్ సేమ్ చెప్పాడు. వర్డ్ టు వర్డ్. ఒక్క తప్పు లేదు.”

మెట్లు దిగబోతున్న నరసింహ ఆగిపోయాడు.

“ఏమన్నావు? మూడుసార్లూ ఒక్క మాట తేడా లేకుండానా?”

“యా. అందుకే నమ్మాను.”

“ఓరి నీ చదువు! నిజం చెప్పేవాడు రెండోసారి చెప్పేటప్పుడు ఏదో ఒకటి మరిచిపోతాడు, ఏదో ఒకటి కలుపుతాడు. అబద్ధం చెప్పేవాడూ అంతే. పొల్లు పోకుండా మూడుసార్లు చెప్పేది ఎవరు? పద్యం అప్పజెప్పే పిల్లాడు. నాతో రా. ఆ పిల్లాడి ఇంట్లో రెండు నిమిషాలు కూర్చో. ఆ తర్వాత నీ వారెంట్ నువ్వు ఇచ్చుకో.”

“వారెంట్ ఆల్రెడీ నా జేబులో ఉంది,” అన్నాడు ఆర్యన్. అయినా కారు ఎక్కాడు.

దారి పొడుగునా నరసింహ పళ్ళు నూరుతూనే ఉన్నాడు. ఏడో నెలలో వేదాంత్ సోఫా మీంచి దొర్లి తల పగిలిందని, రెండు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడని నిన్న రాత్రే ఫణి నీళ్ళు నమిలి చెప్పాడు. అదీ పదిసార్లు గుచ్చి గుచ్చి అడిగితే. పోలీసులకి ఆ ముక్క చెప్పలేదు. “మావాడు నార్మల్, కంప్యూటర్ కోర్సు చేస్తున్నాడు” అని చెప్పాడట!

ఇలాంటి పిల్లల్ని చూసే ఒక డాక్టరమ్మకి నరసింహ పొద్దున్నే ఫోన్ చేశాడు. పసిప్రాయంలో మెదడుకి దెబ్బ తగిలితే అప్పటికప్పుడు అంతా తెలియదు అందామె. పిల్లాడు పాకుతాడు, నడుస్తాడు, మాట్లాడతాడు. కోలుకున్నాడని ఇంటిల్లిపాదీ సంబరపడతారు. అసలు నష్టం, ఆ దెబ్బ తిన్న చోటుతో పని పడే వయసు వచ్చినప్పుడు బయటపడుతుంది. తోటివాళ్ళు ముందుకి పోతుంటే వీడు ఆగిపోతాడు. రెండు పనులు ఒకేసారి చెబితే ఒకటి జారిపోతుంది. జరిగింది వరసలో పెట్టి చెప్పలేడు. తొందరగా అలిసిపోతాడు. అలిసిపోయాక ఎదుటివాడు ఏది అంటే అదే అవునంటాడు. అది మొండితనం కాదు, బద్ధకం కాదు, మందబుద్ధి అని నలుగురూ నవ్వుకునేదీ కాదు. గాయం. పైకి కనపడని గాయం. బళ్ళో ఆ సంగతి చెప్పి ఉంటే ప్రత్యేకంగా పాఠం చెప్పేవాళ్ళు దొరికేవారు. వీళ్ళు చెప్పలేదు. లేబుల్ పడుతుందట! పార్టీల్లో “లేట్ బ్లూమర్, ఆలస్యంగా అందుకుంటాడు” అని చెప్పుకుని పంతొమ్మిదేళ్ళు లాక్కొచ్చారు. కుంటివాడి చేతికర్ర దాచేసి, మావాడు బాగానే నడుస్తాడని ఊరంతా చెప్పుకోవడం ఇది.

ఫణి తలుపు తీశాడు. నరసింహ వెనక ఆర్యన్‌ని చూసి మొహం పాలిపోయింది. “లాయర్ లేకుండా మాట్లాడొద్దన్నారండీ…”

“మాట్లాడకుండా ఉండే ఇవాళ ఇక్కడిదాకా వచ్చింది. మీవాడెక్కడ?”

వేదాంత్ డైనింగ్ టేబుల్ దగ్గర ఉన్నాడు. ఆరడుగుల మనిషి, అందగాడు. లేచి నిలబడి నవ్వి, “హలో అంకుల్” అన్నాడు. రోడ్డు మీద ఎదురైతే ఎవరూ వంక పెట్టలేరు. అతని తల్లి ఉమ సింక్ దగ్గర గిన్నెలు తోముతోంది. వెనక్కి తిరగలేదు.

“బుధవారం ఆంటీ ఇంట్లో ఏం జరిగింది నాన్నా?” అడిగాడు నరసింహ.

వేదాంత్ వెంటనే కుడి చెయ్యి పైకెత్తాడు. ఎడమచేత్తో ఒక్కో వేలూ పట్టుకుంటూ చెప్పాడు. “ఒకటి, బేబీని ఎత్తుకున్నా. రెండు, కిచెన్‌లోకి నడిచా. మూడు, చెయ్యి జారింది. నాలుగు, బేబీ ఏడవలేదు. ఐదు, ఆంటీని పిలిచా.” చెయ్యి దించి నవ్వాడు. బాగా చెప్పానా అన్నట్టు.

“వీడియోలో సేమ్,” అన్నాడు ఆర్యన్. కానీ గొంతులో ఇందాకటి బిగి లేదు.

“బేబీ వేసుకున్న గౌను ఏ రంగు?”

వేదాంత్ ఆలోచించాడు. మళ్ళీ బొటనవేలు పట్టుకున్నాడు. “ఒకటి, బేబీని ఎత్తుకున్నా…”

“సరే, అది వదిలెయ్. నేను మీ ఇంటికి కార్లో వచ్చానా, ఏనుగు మీద వచ్చానా?”

“ఏనుగు.”

ఆర్యన్ నవ్వాడు. వేదాంత్ నవ్వలేదు. అంకుల్ అడిగాడు, తను చెప్పాడు, అంతే. కిటికీలోంచి ఇద్దరి కార్లూ కనబడుతూనే ఉన్నాయి.

“ఇప్పుడు నువ్వు అడుగు ఆర్యన్. నీ కేసు గురించే అడుగు. రెండు పేర్లు ఇవ్వు. రెండోది నీదిగా ఉండాలి.”

“దిస్ ఈజ్ స్టుపిడ్,” అని గొణిగి, ఆర్యన్ కుర్రాడి మొహంలోకి చూశాడు. “బేబీని నువ్వు డ్రాప్ చేశావా, నేను డ్రాప్ చేశానా?”

“నువ్వు,” అన్నాడు వేదాంత్ మర్యాదగా.

సింక్‌లో నీళ్ళు పోతూనే ఉన్నాయి.

“నాలుగు గంటలు కూర్చోబెట్టావు వీణ్ణి!” నరసింహ గొంతు లేచింది. “మొదటి అరగంటకే అలిసిపోయి ఉంటాడు. దేనికి కావాలంటే దానికి తలూపి ఉంటాడు. పాత హత్యలు ఏవైనా మిగిలి ఉంటే అవి కూడా వీడి నెత్తినే రాసుకోవాల్సింది! నీ ప్రమోషన్ అయిపోయేది.”

“వీడు ఇలా అని నాకు ఎవరు చెప్పారు?” ఆర్యన్ టేబుల్ మీద అరచేత్తో కొట్టాడు. “ఫాదర్‌ని అడిగాను, ఏదైనా కండిషన్ ఉందా అని. నార్మల్ అన్నాడు. మదర్‌ని అడిగాను. నార్మల్ అంది. నువ్వు నన్ను తిడుతున్నావా? వీళ్ళని తిట్టు!”

ఆ మాటలో న్యాయం ఉంది. నరసింహ ఫణి వైపు చూశాడు. ఫణి నేల చూపులు చూస్తున్నాడు.

ఆర్యన్ కాసేపటికి తగ్గాడు. “ఓకే. ఏది అడిగినా అవును అంటాడు. నేను చూశాను. కానీ ఆ ఫైవ్ పాయింట్స్ నేను ఇవ్వలేదు. రూమ్‌లోకి వచ్చి కూర్చోగానే వాడే చెప్పాడు. ఎవరో టీచ్ చేశారు. ఎవరు? అది లేకుండా వెళ్తే మా బాస్ వీడియోనే చూస్తాడు. నేను కార్‌లో వెయిట్ చేస్తాను. ఎక్కువసేపు కాదు.” తలుపు దడాలున వేసుకుని వెళ్ళిపోయాడు.

నరసింహ కుర్చీ లాక్కుని వేదాంత్ పక్కన కూర్చున్నాడు. “నాన్నా, పళ్ళెలా తోముకుంటావో చెప్పు.”

వేదాంత్ బొటనవేలు పట్టుకున్నాడు. “ఒకటి, బ్రష్ తీసుకుంటా. రెండు, పేస్ట్ పెడతా. మూడు…” ఐదు వేళ్ళూ అయ్యాయి. అదే పట్టు, అదే రాగం.

“షూస్ వేసుకోవడం?”

మళ్ళీ ఐదు వేళ్ళు.

నరసింహ తల తిప్పకుండానే అడిగాడు. “ఫణి గారూ, వీడికి ఇలా వేళ్ళ మీద నేర్పడం మీకు వచ్చా?”

“నాకు ఓపిక లేదండీ. అన్నీ ఉమే…” అని ఫణి ఆగిపోయాడు.

ఉమ కుళాయి కట్టేసింది. సబ్బు నురగ చేతులతోనే తిరిగింది. నలభై అయిదేళ్ళ మనిషి. ఆ మొహంలో ఏడుపు లేదు. ఎప్పుడో ఎండిపోయింది.

“వాడికి జైలు పడదనుకున్నాను,” అంది. “డాక్టర్లకి చూపిస్తే, వీడికి తెలీదులే అని వదిలేస్తారనుకున్నాను.”

“చూపించడానికి ఏముందమ్మా మీ దగ్గర? వాడికి ఏ లోటూ లేదని మీరే కదా పోలీసులకి చెప్పింది!”

“అలవాటండీ. నోటికి అదే వచ్చేసింది.”

“కన్నకొడుకుని ఆవిడ కోసం బలిపెట్టారా? గీతాంజలి మీకేమవుతుంది?”

ఉమ ఫణి వైపు ఒకసారి చూసింది. తర్వాత నరసింహకే చెప్పింది. “వాడు సోఫా మీంచి పడలేదు. అప్పుడు నాకు ఇరవై ఆరు. ఈయన ఒహాయోలో ప్రాజెక్ట్ మీద ఉన్నారు. రాత్రుళ్ళు నిద్రలేదు, పగలు ఆఫీసు. వాడు ఏడుపు ఆపట్లేదు. రెండు భుజాలూ పట్టుకుని ఊపాను. ఆగరా, ఆగరా అని ఊపాను. ఆగిపోయాడు.”

ఫణి కుర్చీలో కూలబడ్డాడు.

“నిద్రపోతున్నట్టు ఆంటీ దగ్గరికి ఎత్తుకెళ్ళాను. ఆవిడ చూడగానే కనిపెట్టేసింది. సోఫా మీంచి దొర్లాడని ఇద్దరం ఒకే మాట చెబుదామంది. ఆవిడది డిపెండెంట్ వీసా, పని చేయకూడదు. నాది హెచ్-వన్, పోలీసు కేసైతే అంతే సంగతులు. ఒకరినొకరం కాపాడుకున్నాం. మొన్న బుధవారం ఫోన్ చేసింది. బార్ జారిపోయింది, నీ కొడుకు చేత చెప్పించు, లేదంటే పాతది నేను చెబుతాను అంది. అంబులెన్స్ కూడా అప్పటికింకా పిలవలేదు. నేను వెళ్ళి, వాణ్ణి బాల్కనీలో కూర్చోబెట్టి, వేళ్ళు పట్టుకుని…”

“అంబులెన్స్ కంటే ముందు మిమ్మల్ని పిలిచింది!” నరసింహ లేచి నిలబడ్డాడు. “అక్కడ పిల్ల బుర్రలో రక్తం కారుతుంటే, మీరు బాల్కనీలో పాఠం చెబుతున్నారు! ఒక పిల్లాడి బతుకు పాడైంది చాలక ఇంకో పిల్ల. వాళ్ళ అమ్మకి కూడా రేపు ఎవరో ఒకరు చెబుతారు, పసిపిల్ల కదా, కోలుకుంటుందిలే అని!”

జవాబు చెప్పింది ఫణి.

“నరసింహ గారూ, ఈ కేసు ఇక్కడితో ఆపేద్దాం.”

నరసింహకి ముందు అర్థం కాలేదు. “ఏమిటి?”

“మిమ్మల్ని పెట్టుకుంది నేను. నేనే వద్దంటున్నాను.” ఫణి మాటలు తొట్రుపడలేదు. ఆఫీసు మీటింగులో మాట్లాడినట్టే మాట్లాడాడు. “మా పెద్దమ్మాయి రియా మెడిసిన్ రెండో సంవత్సరం. ఉమకి వచ్చే నెల సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూ. ఇది బయటపడితే నలుగురం పోతాం. వీడొక్కడితో పోతే… చూడండి, వీడికి ఎక్కడున్నా ఒకటే కదండీ. టైముకి తిండి పెడితే చాలు. మంచి లాయర్‌ని పెడదాం. ఏదో ఆసుపత్రిలాంటి చోట ఉంచుతారు.”

టేబుల్ దగ్గర వేదాంత్ తండ్రి మొహంలోకే చూస్తున్నాడు. అర్థమైందో లేదో, తలూపాడు.

“ఏమన్నారు?” అంది ఉమ.

“నువ్వు అనుకున్నదే అన్నాను.”

ఉమ మొగుణ్ణి చూసింది. తన నోట్లో ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఇంత కంపు కొట్టలేదు కాబోలు. చేతులు తుడుచుకోకుండానే నడిచింది. ఫణి లేచి దారికి అడ్డం నిలబడ్డాడు. “ఉమా, ఆలోచించు. ఒక్కసారి చెప్పాక వెనక్కి తీసుకోలేం.”

నరసింహ అతని భుజం మీద చెయ్యి వేశాడు. పెద్దగా బలం కూడా పెట్టలేదు. “కూర్చో,” అన్నాడు. ఇప్పటిదాకా ‘గారూ’ అని పిలిచినవాడు. ఫణి కూర్చున్నాడు.

తలుపు తెరుచుకుంది. కాళ్ళకి చెప్పులైనా లేకుండా ఉమ డ్రైవ్‌వే దిగి కారు దగ్గరికి వెళ్ళింది. ఆర్యన్ అద్దం దించాడు. ఆమె ఏదో చెప్పింది. ఆర్యన్ కారు దిగి, జేబులోంచి రికార్డర్ తీసి ఇద్దరి మధ్య పట్టుకున్నాడు. ఆమె మళ్ళీ మొదటినుంచి చెప్పసాగింది. మధ్యలో ఆగుతోంది, తడబడుతోంది, వెనక్కి వెళ్ళి మళ్ళీ చెబుతోంది.

వేదాంత్ కిటికీ దగ్గరికి వచ్చి నరసింహ పక్కన నిలబడ్డాడు.

“అమ్మ ఏం చేస్తోంది అంకుల్?”

“నిజం చెబుతోంది నాన్నా.”

వేదాంత్ అద్దానికి మొహం ఆనించాడు. అద్దం మీద అతని ఊపిరి ఆవిరై పరుచుకుంది.

“అమ్మకి ఎవరు నేర్పారు?” అని అడిగాడు.